పొడుగు రింగు

ముందుగా క్షమాపణ చెప్పుకుంటాను. నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై ఆరో ఏట. ఒత్తులు ఎక్కడ పడాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ నిండాలంటే నాకు ఒక పూట పడుతుంది. చదివేవాళ్ళు తప్పులు సర్దుకుని చదువుకోవాలి. ఇది మా ఇంట్లో జరిగిన సంగతే. కానీ "నేను" అని రాస్తూ పోతే ప్రతి వాక్యంలోనూ నన్ను నేనే వెనకేసుకొస్తున్నాను. రెండుసార్లు అలా రాసి చించేశాను. అందుకని "ఆమె" అని రాస్తున్నాను. ఆమెను వెనకేసుకురావాల్సిన పని నాకు లేదు.

ఆమె భర్తను కార్ఖానాలో అందరూ అచ్చుల మేస్త్రి అనేవాళ్ళు. ఇనుము కరిగించి పోతపోసే కార్ఖానా అది. మోటారు గుల్లలు, నీటిపంపులు, పెద్ద పెద్ద పళ్ళచక్రాలు అక్కడ తయారయ్యేవి. ఏది పోయాలన్నా ముందు దాని నమూనా కర్రతో చెయ్యాలి, దాన్నే అచ్చు అంటారు. ఆ కర్ర నమూనాను ఇసకలో కప్పెట్టి, ఇసక బిగిశాక పైకి తీసి, మిగిలిన ఖాళీలో ఇనుము పోస్తారు. కరిగిన ఇనుము చల్లారితే కాస్త ముడుచుకుంటుంది. అందుకని అచ్చులు చేసేవాళ్ళ స్కేలు మామూలు స్కేలు కాదు. ఎంత ముడుచుకుంటుందో అంత ముందే సాగదీసి గీతలు పెట్టిన స్కేలు. పెళ్ళయిన కొత్తలో కిటికీ తెరలకి ఇన్ని స్కేళ్ళ గుడ్డ అని ఆయన చెబితే, ఆమె తెలియక ఆ స్కేలుతోనే కొలిచి కుట్టింది. రెండు తెరలూ నేల ఊడ్చాయి. మేస్త్రి కడుపు పట్టుకుని నవ్వి, "అది ఇనుముకేనే పిచ్చిదానా, గుడ్డకి కాదు" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళలో ఆయన చేసిన అచ్చు ఒక్కటి కూడా కొలత తప్పిందని వెనక్కి రాలేదు. ఈ మాట ఆయన తన నోటితో ఎప్పుడూ అనలేదు. ఎవరైనా అంటుంటే మాత్రం, మాట మార్చకుండా, చివరిదాకా విని లేచేవాడు.

పని నుంచి దిగిపోయిన రెండో ఏడు, ఒక రోజు చంకలో చాపచుట్టంత కాగితాల చుట్ట పెట్టుకుని ఇంటికొచ్చాడు. వెనకవైపు రేకుల గది నేలమీద దాన్ని పరిచి నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టాడు. పడవ బొమ్మ. దాన్ని కయాక్ అంటారట. ఒక్క మనిషి పట్టే సన్నటి పడవ. రెండు కొసలూ కొనదేలి ఉంటాయి. పైన కూడా మూసేసి, మధ్యలో నడుము దూరేంత రంధ్రం వదులుతారు. అందులో కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న ఒకే తెడ్డుతో వేసుకుంటూ పోవాలి.

"ఎవరికి చేస్తున్నారు?" అని ఆమె అడిగింది.

"నాకే."

"మీకు ఈత రాదు కదండీ!"

"పడవకి వస్తుందిలేవే."

ఇరవై ఏళ్ళుగా పాత సైకిళ్ళూ డబ్బాలూ పేరుకుపోయిన గది నాలుగు రోజుల్లో ఖాళీ అయింది. గది ఈ చివర నుంచి ఆ చివరకి ఒక దూలం వేసి, దానిమీద అడుగుకొకటి చొప్పున పదహారు ప్లైవుడ్ చట్రాలు నిలబెట్టాడు. కొసల దగ్గర చట్రాలు అరచేయంత ఉన్నాయి, నడుమ ఉన్నవి పీట వెడల్పు ఉన్నాయి. ఆ చట్రాల మీదుగా సెడార్ అనే తేలికైన కర్ర బద్దలు ఒకదాని పక్కన ఒకటి వంచి అతికించుకుంటూ రావాలి. బద్ద బొటనవేలి వెడల్పు, పావంగుళం మందం. ఒక అంచు ఉబ్బుగా, రెండో అంచు గాడిగా ఉంటుంది కాబట్టి ఒకదానిలో ఒకటి కూర్చుంటుంది. ఆ కర్ర వచ్చిన రోజు ఇల్లంతా కొత్త బీరువా తెరిచినట్టు వాసన వేసింది. ఆమె రెండుసార్లు గుండెల నిండా పీల్చుకుంది కూడా.

చూడటానికి మొదట వచ్చినవాడు మసి. మసి అంటే కార్ఖానాలో ఇసక పని చేసినవాడు. ఎంత రుద్దుకున్నా చెవుల వెనక నలుపు వదలదు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. చుట్టరికం ఏమీ లేకపోయినా మేస్త్రిని బావా అని, ఆమెను చెల్లెమ్మా అని పిలుస్తాడు. గుమ్మంలోనే ఆగిపోయి చట్రాల వరసను ఎగాదిగా చూశాడు.

"బావా, ఇదేంటి, పిల్లి తినేసి వదిలేసిన చేపలా ఉంది?"

"ముల్లు మిగిలింది కదా. కండ నేను పెడతాలే."

"పెట్టాక దీన్ని కూడా ఇసకలో పూడ్చమంటావా? అలవాటైన చెయ్యి, ఊరుకోదు."

మేస్త్రి నవ్వలేదు. "దీన్ని పూడ్చరు" అన్నాడు. "ఇది అచ్చు కాదురా. ఇదే వస్తువు."

ఆ మాట ఆమె మనసులో పడిపోయింది. ముప్పై నాలుగేళ్ళు ఆయన చేసిన కర్ర అంతా ఇసకలోకి దిగి, పని అయ్యాక పొయ్యిలోకి పోయింది. జనం వాడుకున్నది ఇనుము. ఇంట్లో ఆయన చేతి కర్ర వస్తువు చూపించమంటే రొట్టెల కర్ర తప్ప ఇంకోటి లేదు.

దగ్గు మొదలైంది ఆ తర్వాత రెండు నెలలకి. బద్దలు సగందాకా పైకి వచ్చాయి. రోజంతా చిత్రిక పట్టడం, గరుకు కాగితంతో రుద్దడం. గదిలో ఉన్నంతసేపూ బాగానే ఉండేవాడు. సాయంత్రం దీపాలు వేసే వేళకి గొంతులో గరగర మొదలయ్యేది. భోజనం దగ్గర కూర్చుంటే రెండు ముద్దలకి ఒకసారి దగ్గు. వానగాలి అన్నాడు. ముసలితనం అన్నాడు. మేడమీద ఉండే టీచరమ్మ అల్లం కషాయం పట్టుకొచ్చింది. తాగాడు, మరునాడు పొద్దున లేచి బాగానే ఉన్నానంటూ మళ్ళీ గదిలోకి వెళ్ళాడు. సాయంత్రానికి మళ్ళీ అదే.

పెద్దమ్మాయికి జ్వరం వస్తే ఇద్దరూ వెళ్ళి ఆరు రోజులు అక్కడ ఉన్నారు. ఆరు రోజులూ ఒక్క దగ్గు లేదు.

"గమనించారా? ఇక్కడ దగ్గు రాలేదు" అంది ఆమె.

"ఇక్కడ గాలి మంచిది."

"బస్టాండు పక్కన ఇల్లండీ ఇది! పొద్దున్నుంచీ నా మొహం నిండా పొగే."

ఆయన తిరిగొచ్చిన రోజే గదిలోకి వెళ్ళాడు. ఆ సాయంత్రం దగ్గి దగ్గి గోడ పట్టుకుని నిలబడిపోయాడు. పెదవులు నీలంగా కనిపించాయి ఆమెకు. మర్నాడు అల్లుడు బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరు చిన్నవాడు. గొట్టంలోకి ఊదించాడు, ఏం పని చేస్తున్నారని అడిగాడు, కర్ర పేరు అడిగాడు. పేరు వినగానే పెన్ను కింద పెట్టాడు.

"ఈ కర్ర పొడి కొంతమందికి పడదండీ. లోపల ఊపిరి గొట్టాలు వాచిపోతాయి. పని చేసేటప్పుడు తెలియదు, కొన్ని గంటలయ్యాక తెలుస్తుంది. అందుకే పొడి వల్ల అని ఎవరూ అనుకోరు. ఇప్పుడు మానేస్తే చాలావరకు బాగవుతుంది. ఇలాగే రాబోయే చలికాలం గడిపితే, ఆ తర్వాత మానేసినా నేనేం చెప్పలేను."

"మాస్కు పెట్టుకుంటే?" అన్నాడు మేస్త్రి.

"మానెయ్యమంటున్నాను."

"పెట్టుకుంటేనో?"

డాక్టరు ఆమె వైపు చూశాడు. అందరూ చివరికి ఆమె వైపే చూస్తారు.

మాస్కు కొన్నాడు. దాంతో కళ్ళద్దాలు మసకబారుతున్నాయని గెడ్డం కిందికి లాగేసుకుని పని చేసేవాడు. ఆమె కిటికీలోంచి చూసి అరిచినప్పుడల్లా పైకి లాక్కునేవాడు, బడిలో పిల్లాడిలా. ఆమె గరుకు కాగితాలు దాచింది. పగిలిన గాజు ముక్కతో గీకాడు. పెద్దమ్మాయి వచ్చి ఏడ్చింది. "నీ పెళ్ళికి కూడా ఇంతలా ఏడవలేదు కదమ్మా" అని తల నిమిరి పంపేశాడు. మసిని పిలిపించింది. మసి అరగంట గదిలో ఉండి బయటికొచ్చి, "చెల్లెమ్మా, బండకేసి తల కొట్టుకున్నా బండకి నొప్పెయ్యదు" అని చెప్పులేసుకున్నాడు.

చివరికి ఆమే ఒక మధ్యాహ్నం గదిలోకి వెళ్ళి ఆయనకెదురుగా ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది.

"నాకు కావాల్సింది పడవా, మీరా? మీరే చెప్పండి."

ఆయన చిత్రిక పక్కన పెట్టాడు. బద్దల మీద అరచెయ్యి జరిపాడు.

"ముప్పై నాలుగేళ్ళు నేను చేసిందంతా కాల్చేశారే. ఒక్కటి చాలు. ఒక్కటి నీళ్ళ మీద తేలితే చూస్తాను. తర్వాత దగ్గుకుంటూ పోయినా నాకేం బాధ లేదు."

"నాకుంది" అంది ఆమె.

"తెలుసు" అన్నాడు. చిత్రిక మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

చలికాలం మొదట్లో పడవ కింది సగం బద్దలతో నిండింది. దాని బయటివైపు నున్నగా అయింది. ఇక దానిమీద గాజుదారంతో నేసిన తెల్లటి గుడ్డ పరిచి, ఎపాక్సీ అనే జిగురు పొయ్యాలి. గుడ్డ, జిగురు, కర్ర మూడూ కలిసి ఒకటైపోతేనే నీళ్ళు లోపలికి రావు. ఆ తర్వాత దాన్ని చట్రాల మీంచి ఎత్తి లోపలివైపు గీకాలి. ఆ తర్వాత పై సగం మొత్తం మళ్ళీ బద్ద బద్దగా పేర్చి గీకాలి. ఆయన సంతోషంగా ఇదంతా చెబుతుంటే ఆమె వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. చలికాలం దాటిపోతుంది. డాక్టరు చెప్పిన చలికాలం.

జిగురు సంగతి కూడా ఆయనే చెప్పాడు. పెద్ద డబ్బాలో జిగురు, చిన్న డబ్బాలో అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్. రెండు పాళ్ళకి ఒక పాలు. ఎక్కువైనా తక్కువైనా అది ఎన్నాళ్ళున్నా గట్టిపడదు, బెల్లం పాకంలా సాగుతూనే ఉంటుంది. రెండు డబ్బాలకీ నొక్కితే వచ్చే పంపులున్నాయి. రెండూ ఒకే కొలత పోస్తాయి కాబట్టి, చిన్న డబ్బా పంపు సగమే దిగేలా దాని కాడకి ఒక రింగు తొడగాలి. ప్లాస్టిక్ గొట్టం కోసి ఆ రింగులు తనే చేశాడు. మొదటిది మరీ పొడుగు వచ్చింది. రెండోది పొట్టి అయింది. మూడోది సరిపోయింది. వంటింటి కాటా తెప్పించి నాలుగైదుసార్లు తూచి చూసుకున్నాడు.

"రింగు ఎంత పొడుగుంటే పంపు అంత తక్కువ దిగుతుంది, అంత తక్కువ పోస్తుంది. అర్థమైందా?" అన్నాడు, ఎవరో ఒకరికి చెప్పుకోవాలి కాబట్టి.

ఆమెకు చదువు లేదు కానీ పాలకు తోడు పెట్టడం తెలుసు. తోడు చాలకపోతే పాలు పాలుగానే మిగులుతాయి. అర్థమైంది.

మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్ళాడు. గుడ్డ పరిచి ఉంది. డబ్బాలు బల్లమీద ఉన్నాయి. పంపు కాడకి సరైన రింగు తొడిగి ఉంది. పనికిరానివి రెండూ మేకుల డబ్బాలో పడి ఉన్నాయి. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె కాడ మీది రింగు లాగి డబ్బాలో వేసింది. పొడుగు రింగు తీసి తొడిగింది. రెంటికీ తేడా చిటికెనవేలి గోరంత. చెంబు నీళ్ళు ఒంటిమీద పోసుకునేంత సేపు కూడా పట్టలేదు.

ఆమె లెక్క ఇది. జిగురు గట్టిపడదు. పడవ పాడవుతుంది. ఆయన మండిపడతాడు, డబ్బాలు అమ్మినవాణ్ణి తిడతాడు, రెండు రోజులు భోజనం మానేస్తాడు, గది తలుపు దభాలున వేస్తాడు. పాత రేడియో చెడిపోయినప్పుడు అలాగే చేశాడు. పది రోజులకి సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకుంటాడు. ఊపిరి మిగులుతుంది. ఆయన కోపం ఎంత ఉంటుందో ఆమె సరిగ్గానే తూచింది. కోపం కాకుండా ఇంకోటి రావచ్చునని ఆమెకు తట్టలేదు.

ఆయన వచ్చాడు. మాస్కు బిగించుకున్నాడు, కళ్ళద్దాలు వెంటనే మసకబారాయి. రింగు తను పెట్టిందే కాబట్టి మళ్ళీ చూడలేదు. ఒక నొక్కు పెద్దది, ఒక నొక్కు చిన్నది, పైకే లెక్కపెట్టుకుంటూ గిన్నెలోకి పోశాడు. పుల్లతో కలిపాడు. గుడ్డ మీద పోసి రబ్బరు పలకతో నెమ్మదిగా జరిపాడు.

అప్పటిదాకా ఆ పడవ ఆమెకు పగవాడు. దానిమీద పరిచిన తెల్లటి గుడ్డ కప్పిన శవంలా కనిపించింది. జిగురు తాకగానే ఆ తెలుపు మాయమైపోయింది. గుడ్డ ఉందో లేదో తెలియకుండా పోయి, అడుగు నుంచి కర్ర రంగు లేచింది. తేనె రంగు, ఇటుక రంగు, కాఫీ రంగు, బద్ద బద్దకీ మారుతూ, ముక్కు నుంచి తోక దాకా ఒక్క గీత తప్పకుండా. అంతటి అందం ఆయన చేతుల్లో ఉందని నలభై ఏళ్ళు కాపురం చేసి ఆమె చూడలేదు. ఎవరూ చూడలేదు. అదంతా ఇసకలోకే పోయింది.

"చూశావా?" అన్నాడు ఆయన. మాస్కు వెనక నవ్వుతున్నాడని గొంతులో తెలిసింది.

ఇంకా సమయం ఉంది. పావు వంతే తడిసింది. ఇప్పుడు చెబితే గుడ్డ లాగేసి, తుడిచేసి, మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఆమె నోరు తెరిచింది. అప్పుడే ఆయన పక్కకి తిరిగి, గోడకి మోచెయ్యి ఆనించి దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపటికి గానీ ఆగలేదు. ఆమె నోరు మూసుకుంది.

"చూశాను" అంది. "బాగుంది."

మర్నాటికి ముట్టుకుంటే వేళ్ళకి అంటుకుంది. చలి అనుకున్నాడు, రెండు హీటర్లు తెచ్చి పెట్టాడు. రెండో రోజూ అంటుకుంది. పెద్దమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే యంత్రం అడిగి తెప్పించాడు. మూడో రోజు సాయంత్రం ఆయన సందు చివర కొట్టుకి వెళ్తే, ఆ పూటే రింగు మార్చేసి, తప్పంతా డబ్బాల మీదికి నెట్టెయ్యాలని ఆమె అనుకుంది. ఆయన కొట్టుకి వెళ్ళలేదు. ఆమె టీ పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి పంపు విప్పి చేతిలో పట్టుకుని ఉన్నాడు. మేకుల డబ్బా బల్లమీద బోర్లించి ఉంది. మూడు రింగులూ వరసగా ఉన్నాయి.

ఆయన తిట్టలేదు. స్కేలు తీసి రింగులు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"పొడుగుది పెట్టాను" అన్నాడు.

ఆమె టీ బల్లమీద పెట్టింది.

"నేనే కోశాను. నేనే తూచాను. నేనే పక్కన పడేశాను. మళ్ళీ నేనే తీసి పెట్టాను." ప్రతి మాటకీ మధ్య ఊపిరి తీసుకున్నాడు. "గుర్తు లేదే. ఎంత ఆలోచించినా పెట్టినట్టు గుర్తు లేదు."

ఆ గదిలోకి ఇంకొకరు వచ్చి మార్చారేమోనన్న ఆలోచన ఆయనకు రాలేదు. రావడానికి ఎవరున్నారు? ఇంట్లో ఉన్నది ఇద్దరే. అందులో ఒకరికి స్కేలు మీద అంకెలు కూడా తెలియవు.

మసి వచ్చి చూసి, "ఇంతేనా బావా? వేడి పెట్టి గీకేద్దాం. నేనూ పట్టుకుంటా. నెల రోజుల పని" అన్నాడు. గీకడమంటే మళ్ళీ పొడి, ఇంకా ఎక్కువ పొడి. అది ఆమె ఆలోచించలేదు.

కానీ మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "ఈ చెయ్యి ఇంక వద్దురా."

"ఒక్క పొరపాటుకా?"

"పొరపాటైతే ఫరవాలేదు. చేసినట్టు గుర్తు లేదు."

గది ఊడ్చి, పనిముట్లకి నూనె రాసి, తాళం వేసి తాళంచెవి ఆమెకిచ్చాడు. సాగదీసిన గీతల అచ్చుల స్కేలు మసికిచ్చాడు. అంతే.

ఆమె గెలిచింది. రెండు నెలల్లో దగ్గు తగ్గింది. వేసవికల్లా పోయింది. డాక్టరు గొట్టంలోకి ఊదించి, "ఈ వయసులో ఈ ఊపిరి చాలామందికి లేదండీ" అన్నాడు. ఆమె వైపు చూసి చిన్నగా నవ్వాడు కూడా. మేస్త్రి మాత్రం ఆ ఊపిరితో ఏమీ చెయ్యలేదు. వరండాలో కుర్చీలో కూర్చునేవాడు. గ్యాస్ కట్టేసి, "కట్టేశానా, చూడు" అనేవాడు. ఆమె చూసి కట్టే ఉందంటే, "సరిగ్గా చూశావా?" అనేవాడు. వంటింటి తలుపు బందు ఊడితే ఫోను చేసి వడ్రంగిని పిలిపించాడు. ఎవడో కుర్రాడు వచ్చి వంకరగా బిగిస్తుంటే కుర్చీలోంచి లేవకుండా చూశాడు. వీధిలోకి ఒంటరిగా వెళ్ళడం మానేశాడు, దారి మరిచిపోతానేమోనని. ఆయన ఎప్పుడూ ఏదీ మరిచిపోలేదు. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

అల్లుడు మతిమరుపు డాక్టరుకి చూపించాడు. ఏమీ లేదన్నాడు ఆ డాక్టరు. "వాళ్ళకి ఇంకా కనపడలేదు. నాకు కనపడింది" అన్నాడు మేస్త్రి.

ఏడాదిన్నర అలా గడిచింది. ఒక రోజు మధ్యాహ్నం మాత్రల సీసా ఆమె ముందుకి జరిపి, "పొద్దున ఒకటి వేసుకున్నాను. వేసుకున్నానా? లెక్కపెట్టి చెప్పు" అన్నాడు. ఆమె సీసా పక్కకి తోసేసింది.

"రింగు మార్చింది నేను."

"ఏ రింగు?"

"పంపుది. మీరు స్నానానికి వెళ్ళినప్పుడు. సరైనది తీసి మేకుల డబ్బాలో వేశాను. పొడుగుది తొడిగాను. పడవ పాడైతే మీరు మానేస్తారని. మీరేమీ మరిచిపోలేదు. మీ చేతిలో తప్పేం లేదు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కళ్ళు మెత్తబడ్డాయి. ఆ మెత్తదనం చూసే ఆమెకు భయం వేసింది.

"ఎన్నాళ్ళనుంచి అల్లుతున్నావే ఇది?"

"అల్లడం కాదండీ, నిజం! చిన్న డబ్బా పంపు. కాడ నల్లగా ఉంటుంది. రెంటికీ తేడా ఇంతే, గోరంత."

"అవన్నీ నేను చెప్పినవే కదా. వచ్చిన ప్రతివాడికీ చెప్పాను, నువ్వు పక్కనే ఉన్నావు." ఆమె చేతిమీద చెయ్యి వేశాడు. "నా కోసం నువ్వు అబద్ధాలు నేర్చుకోవద్దు. నీకు రావు."

ఆమె అరిచింది. ఏడ్చింది. పెద్దమ్మాయి మీద ఒట్టు వేసింది. ఆయన ఓపిగ్గా విని, లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. మసిని పిలిపించి అతని ముందు కూడా చెప్పింది. మసి చెవుల వెనక గోక్కున్నాడు.

"బావా, చెల్లెమ్మ నిజమే చెబుతోంది" అన్నాడు.

"ఇద్దరూ బాగానే కూడబలుక్కున్నారు" అన్నాడు మేస్త్రి. "ఒరేయ్, దీనికి గడియారం చూడటం నేర్పడానికి నాకు ఏడాది పట్టింది. ఇది పంపు కొలత మారుస్తుందా?"

వెక్కిరింపు కాదు. చాలా ప్రేమగానే అన్నాడు. ఆమె అంతకుముందెప్పుడూ తన చదువు లేనితనాన్ని చూసి సిగ్గుపడలేదు. ఆ రోజు పడింది. సిగ్గు కూడా కాదు. ఒక తప్పు చెయ్యగలిగేంత తెలివి తనకుందని కట్టుకున్నవాడికి రుజువు చెయ్యలేకపోయింది.

నోటి మాట ఆయన నమ్మడు. ఆయన నమ్మేది కాగితం మీద ఉన్నది. కార్ఖానాలో కూడా అంతే, నక్షా మీద లేనిది ఎవరు చెప్పినా చేసేవాడు కాదు. అందుకని ఆమె మేడమీది టీచరమ్మ దగ్గరికి వెళ్ళి పలక పట్టుకుంది. ఎందుకని టీచరమ్మ అడిగితే, బస్సు బోర్డులు చదువుకోవడానికి అంది. గుణింతాలు రావడానికి మూడు నెలలు, ఒత్తులకి ఇంకో మూడు. ఇంటికొచ్చి రాసుకుంటుంటే మేస్త్రి కుర్చీలోంచి చూసేవాడు. ఆ రోజుల్లో ఆయన మొహంలో కాస్త వెలుగు కనిపించింది. ఆమె పెన్సిలు ముక్కు తనే చెక్కి ఇచ్చేవాడు. రెండేళ్ళలో ఆయన చేతిలోకి తీసుకున్న పదునైన వస్తువు ఆ చిన్న చాకు ఒక్కటే.

ఒక పొద్దున ఆమె గీతల కాగితం మీద మూడు వాక్యాలు రాసింది. పంపు రింగు నేను మార్చాను. మీరు మార్చలేదు. మీ లెక్క తప్పలేదు. రెండుసార్లు చదువుకుని, టీ కప్పుతో పాటు ఆయన ముందు పెట్టింది.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కాగితం దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ చదివాడు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

"చేతిరాత గుండ్రంగా వస్తోందే" అన్నాడు. "వాక్యాలు కూడా నేరుగా ఉన్నాయి, గీత దాటలేదు."

"ఏం రాశానో చదివారా?"

"చదివాను."

"మరి?"

ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి ఆమెకే తిరిగి ఇచ్చాడు. "బాగుంది. రేపు ఇంకేదైనా రాయి. ఇదే రాస్తూ కూర్చోకు."

ఆమె మర్నాడు కూడా అదే రాసింది. ఆ మర్నాడు కూడా. ఆయన రోజూ చదివాడు, రోజూ రాత మెచ్చుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన వేసవిలో ఒక మధ్యాహ్నం కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. ఊపిరితిత్తులకి సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. అవి చివరిదాకా శుభ్రంగానే ఉన్నాయట.

— అచ్చుల మేస్త్రి భార్య. వయసు డెబ్భై ఒకటి. ఇప్పుడు పెద్దమ్మాయి ఇంట్లో, బస్టాండు వైపు కిటికీ ఉన్న గదిలో ఉంటున్నాను.